బిడ్డ పుట్టగానే నర్సు ఏం చూస్తుంది?

నేను నంద్యాలలో కాన్పుల వార్డు నర్సుని. బిడ్డ పుట్టగానే అందరూ "ఆడా, మగా?" అంటారు. నేనైతే ముందు ఏడుపు వింటాను. వెంటనే పొడిబట్టతో తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెడతాం.

ఒకటో నిమిషం, ఐదో నిమిషం అప్గార్ స్కోరు వేస్తాం. రంగు, గుండె వేగం, స్పందన, కండరాల బిగువు, ఊపిరి: ఒక్కోదానికి 2 చొప్పున మొత్తం 10. 7, ఆపైన వస్తే ధైర్యమే. 1952లో దీన్ని రూపొందించింది వర్జీనియా అప్గార్ అనే డాక్టరమ్మ.

గంటలోపే ముర్రుపాలు పట్టించాలి. అవ్వ తేనె నాకించమన్నా వద్దనండి. మొదటిరోజు స్నానం కూడా వద్దు, ఒళ్లు చల్లబడుతుంది.

ఇంటికెళ్లాక పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లగా ఉన్నా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. నంద్యాలైనా, ఆళ్లగడ్డైనా వెంటనే 108కి ఫోన్ కొట్టండి.