రెండుసార్లు వచ్చినా ఒక్కసారే జమ

విశాఖ పూర్ణా మార్కెట్‌లో సరుకు తీసుకుని ఫోన్‌తో 120 రూపాయలు పంపారనుకోండి. కొట్లో సౌండ్‌బాక్స్ డబ్బు వచ్చిందన్న మాట పలికింది. కాసేపటికి మళ్లీ పలికితే? షావుకారుకు 240 వచ్చినట్టా, 120 కబురే రెండుసార్లు వచ్చినట్టా?

సందేశం పంపిన కంప్యూటరు ‘ముట్టింది’ అన్న జవాబు కోసం చూస్తుంది. అది రాకపోతే, దారిలో పోయింది సందేశమో జవాబో దానికి తెలియదు. ఊరుకుంటే డబ్బు కబురు గల్లంతవుతుంది కనుక మళ్లీ పంపుతుంది. కాఫ్కా, రాబిట్‌ఎంక్యూ లాంటి సందేశాలు చేరవేసే వ్యవస్థలు మామూలుగా ఇచ్చే హామీ ‘కనీసం ఒకసారి చేరుస్తాం’ అన్నదే. రెండోసారి వచ్చినా నష్టం లేకుండా చూసుకోవడం అందుకునే ప్రోగ్రాం పని.

నకలును పోల్చుకునేదెలా? మొత్తాన్ని బట్టి మాత్రం కాదు. ఒకే మనిషి ఒకే కొట్లో పది నిమిషాల తేడాతో 120 చొప్పున రెండుసార్లు కొనడం పూర్ణా మార్కెట్‌లో వింతేమీ కాదు. రెండోదాన్ని నకలని తోసేస్తే షావుకారు నిజంగానే నష్టపోతాడు. ఆనవాలు నంబరే. యూపీఐ చెల్లింపుకు 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. ఎన్నిసార్లు పంపినా అదే నంబరు వెళ్లాలి. ప్రతిసారీ కొత్తది వేస్తే కథ మొదటికొస్తుంది.

నంబరు ఇంతకుముందు వచ్చిందా అని వెతికి, జమ వేసి, ఆ తర్వాత నంబరు రాసుకుంటే సరిపోదా? సరిపోదు. జమ పడ్డాక, నంబరు రాసేలోపు కరెంటు పోతే (2014లో హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖకు ఇది చెప్పాలా!) సర్వర్ లేచాక మళ్లీ జమ వేస్తుంది. రెండు నకళ్లు ఒకే క్షణాన రెండు సర్వర్లకు చేరితే రెండూ ‘ఇది కొత్తదే’ అంటాయి. అందుకే జమ, నంబరు రెండూ ఒకే డేటాబేస్ లావాదేవీలో పడాలి: పడితే రెండూ, లేదంటే ఏదీ వద్దు. ఒక నంబరు రెండుసార్లు ఎక్కకూడదన్న కట్టడి డేటాబేస్‌లోనే ఉండాలి. నకలుకు కూడా ‘ముట్టింది’ అనే జవాబివ్వాలి. తప్పని కసిరితే అవతలిది పంపుతూనే ఉంటుంది.

సౌండ్‌బాక్స్‌ది వేరే తంటా. పలికిన మాటను వెనక్కి తీసుకోలేం. నన్నడిగితే, అసలు పలక్కపోవడం కంటే ఒకసారి ఎక్కువ పలకడమే నయం. ఖాతా లెక్కకు ఆ వెసులుబాటు లేదు.

మరి నంబర్లను ఎన్నాళ్లు దాచాలి? అమెజాన్ సందేశాల సేవ ఎస్‌క్యూఎస్‌లోని ఫిఫో క్యూ (వచ్చిన వరుసలోనే అందించే వరుస) నకళ్లను గుర్తుపట్టే గడువు 5 నిమిషాలే. రిజర్వు బ్యాంకు 2019 నిబంధనలో, దుకాణంలో ఖరారు కాని యూపీఐ సొమ్ము తిరిగివ్వడానికే 5 రోజుల గడువుంది. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. రోజుల తరబడి నడిచే లెక్కకు నిమిషాల జ్ఞాపకం చాలదు. డబ్బు వ్యవహారంలో ఆ నంబర్లను ఖాతా పద్దులతో పాటే ఉంచాలి.