రిపోర్టును బట్టి కంచం

రక్తహీనతకు తోటకూర, షుగరుకు జొన్నరొట్టె. అందరికీ ఒకటే సలహా పనిచేయదని ల్యాబ్ పరీక్షలు చెబుతున్నాయి. వాటిని వంటింటి భాషలోకి మార్చి చెప్పేవారే కరవు.

హిమోగ్లోబిన్ 9.5. డెసిలీటరు రక్తంలో కనీసం 12 గ్రాములు ఉండాల్సిన మహిళకు ఈ అంకె రాగానే సలహా సిద్ధంగా ఉంటుంది: ఆకుకూరలు తినండి, బెల్లం తినండి, ఐరన్ మాత్ర వేసుకోండి. అందులో తప్పేమీ లేదు. కానీ అదే 9.5 వెనుక నాలుగు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఒకరిలో ఇనుము నిల్వలు అడుగంటి ఉంటాయి. మరొకరిలో బి12 విటమిన్ కొరవడి ఉంటుంది. మూడో మహిళ పుట్టుకతోనే తలసీమియా జన్యువును మోస్తుండొచ్చు. నాలుగో మహిళ విషయంలో చిక్కు తాగే నీళ్లలోనే ఉండొచ్చు. నలుగురికీ ఒకే కంచం వడ్డిస్తే పూర్తిగా బాగుపడేది ఒక్కరే.

దేశంలో ఐరన్ మాత్రల పంపిణీ 1970లో మొదలైంది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనులు 2015-16లో 53 శాతం ఉంటే, 2019-21 నాటికి 57 శాతానికి చేరారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదీ ఇంచుమించు అదే స్థాయి. మాత్రలు అందకపోవడం, అందినా మింగకపోవడం కొంత కారణం. అసలు జబ్బు ఏమిటో తేల్చకుండానే మందు ఇవ్వడం మరో కారణం.

ఈ రెండో విషయాన్ని బయటపెట్టింది 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే. లక్షా పన్నెండు వేల మందికి పైగా పిల్లలు, కౌమార వయస్కులను పరిశీలించి, వారిలో 51 వేల మంది నుంచి నమూనాలు సేకరించి పరీక్షించారు. హిమోగ్లోబిన్‌తో సరిపెట్టుకోకుండా ఇనుము నిల్వలు, ఫోలేట్, బి12, జింక్ కూడా కొలిచారు. ఐదేళ్లలోపు పిల్లల రక్తహీనతలో ఇనుము లోపానిదే పెద్ద వాటా అని తేలింది. పదేళ్లు దాటిన పిల్లల్లో మాత్రం చిత్రం మారిపోయింది. రక్తహీనత ఉన్నవారిలో దాదాపు నాలుగో వంతు మందికి అది ఫోలేట్ లేదా బి12 లోపం వల్ల వచ్చింది. ఇంకా చాలామందిలో ఈ మూడూ కారణం కాదు.

కొలిచే పద్ధతి కూడా లెక్కను మార్చేస్తుంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి కొన నుంచి తీసిన రక్తపు బొట్టును పరీక్షిస్తే, పోషకాహార సర్వేలో సిర నుంచి రక్తం తీశారు. చిన్నపిల్లల్లో రక్తహీనత మొదటి పద్ధతిలో 2015-16లో 58 శాతానికి పైగా ఉండగా, రెండో పద్ధతిలో 41 శాతమే వచ్చింది. వయసుల్లో ఉన్న స్వల్ప తేడాతో ఇంత అంతరం రాదు.

అంకె వెనుక అసలు కథ

కారణం తేల్చడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. మామూలు రక్త పరీక్ష, అంటే సీబీపీ రిపోర్టులోనే ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం ఉంటుంది. కణాలు చిన్నవైతే మొదటి అనుమానం ఇనుము లోపంపైనే. ఫెరిటిన్ పరీక్ష దాన్ని నిర్ధారిస్తుంది. పెద్దవాళ్లలో అది 15 కన్నా తక్కువ ఉంటే నిల్వలు ఖాళీ అయినట్లే. అయితే ఒంట్లో జ్వరమో, ఇన్ఫెక్షనో ఉంటే ఫెరిటిన్ తప్పుడు భరోసా ఇస్తుంది. నిల్వలు లేకున్నా అంకె పెరిగి కనిపిస్తుంది. అందుకే దాని పక్కన సీఆర్‌పీ పరీక్ష కూడా చూడాలి.

ఇనుము లోపమే అని తేలితే మాత్రతో పాటు సలహా సూటిగా ఉండాలి. తినేవారికి మాంసం, కార్జం. తిననివారికి పప్పులు, ఆకుకూరలు, వాటిపై నిమ్మరసం. కంచం పక్కనే టీ కప్పు పెట్టుకునే అలవాటు మానాలి. శాకాహారంలోని ఇనుమును ఒంటికి పట్టకుండా టీ అడ్డుకుంటుంది. టీని భోజనానికి గంట అటో ఇటో జరిపితే చాలు, పైసా ఖర్చు లేదు.

కణాలు పెద్దవిగా ఉంటే దృష్టి బి12, ఫోలేట్‌ల వైపు మళ్లాలి. ఆకుకూరల్లో ఫోలేట్ ఉంటుంది కానీ బి12 ఉండదు. అది సహజంగా పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే వస్తుంది. పాలు కూడా అంతంతమాత్రంగా తాగే శాకాహారికి ఎన్ని తోటకూర కట్టలు వండిపెట్టినా ఈ లోటు తీరదు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మింగుతున్న వారిలోనూ బి12 తగ్గుతుంది. ఇనుము, బి12 రెండూ తగ్గితే కణాల సగటు పరిమాణం మామూలుగానే కనిపించి తప్పుదారి పట్టించే ప్రమాదమూ ఉంది.

కణాలు బాగా చిన్నవే, ఫెరిటిన్ మాత్రం నిక్షేపంలా ఉందంటే తలసీమియా వాహకురాలేమో చూడాలి. హిమోగ్లోబిన్ ఏ2 పరీక్షతో అది తెలుస్తుంది. ఆమెకు ఇనుము కుమ్మరించినా లాభం లేదు. ఆమెకు కావాల్సింది భర్తకూ పరీక్ష చేయించాలన్న సలహా. ఇద్దరూ బీటా తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం 25 శాతం.

నీళ్లలో చిక్కు

నల్లగొండ పేరు వినగానే గుర్తొచ్చే ఫ్లోరైడ్‌కూ గర్భిణుల రక్తహీనతకూ ఉన్న లంకెను ఢిల్లీలో ఎ.కె. సుశీల బృందం పరీక్షించింది. రక్తహీనతతో పాటు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గర్భిణులను ఎంచుకుని, వారిలో ఒక వర్గానికి రెండు సలహాలు ఇచ్చారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు, నల్ల ఉప్పు వంటివి మానేయాలి. పాలు, కూరగాయలు, పండ్లు పెంచాలి. 2010లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. సలహా పొందిన వారిలో హిమోగ్లోబిన్ పెరిగింది. సలహా అందని వర్గంలో దాదాపు సగం మంది పిల్లలు తక్కువ బరువుతో పుడితే, అందిన వర్గంలో ఆ వాటా ఐదో వంతుకు కాస్త అటూఇటూగా ఉంది. అది చిన్న అధ్యయనమే. కానీ మూత్ర పరీక్ష చేయకుంటే ఈ గర్భిణులకు నీళ్లు మార్చమని ఎవరూ చెప్పి ఉండేవారు కాదు.

చక్కెర ముదరక ముందే

పరీక్ష, సలహా జంటగా నడిస్తే ఏమవుతుందో షుగరు విషయంలో మన దేశంలోనే రుజువైంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం గ్లూకోజ్ పరీక్షలో షుగరు అంచున ఉన్నట్లు తేలిన 531 మందిని సుమారు మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలుగా వదిలేసిన వారిలో 55 శాతం మంది మధుమేహులయ్యారు. ఆహారం, నడకపై పదేపదే సలహా అందుకున్న వారిలో 39 శాతమే. మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా దాదాపు అంతే మేలు చేసింది. దేశంలో షుగరు అంచున ఉన్నవారు 13.6 కోట్ల మంది అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా వేసింది.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. ఇనుము లోపం ఉన్నవారిలో చక్కెర పెరగకపోయినా ఈ అంకె పెరిగి కనిపించొచ్చు. రక్తహీనత ఉన్న మహిళకు ఈ ఒక్క అంకె చూసి అన్నం మాన్పిస్తే, అసలే చాలీచాలని తిండి మరింత తగ్గిపోతుంది. పరగడుపున, గ్లూకోజ్ తాగాక చేసే పరీక్షలతో సరిచూశాకే ఆమె కంచం జోలికి వెళ్లాలి.

ఉద్దానం చెప్పే పాఠం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి తోటలకు పెట్టింది పేరు. ఇప్పుడు కిడ్నీ జబ్బులతోనూ ఆ పేరు వినబడుతోంది. ఒంటికి చలవ అని ఇచ్చే కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. ఆరోగ్యవంతుడికి అది మేలు. రక్తంలో పొటాషియం ఇప్పటికే పెరిగిపోయిన కిడ్నీ రోగికి అది గుండె లయనే దెబ్బతీయొచ్చు. అలాంటివారు కూరగాయలు ముక్కలు కోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. పొటాషియం మామూలుగా ఉన్న రోగికి అన్ని పండ్లూ మాన్పించాల్సిన పనిలేదు. మాంసకృత్తుల సంగతీ అంతే. డయాలసిస్‌కు ముందు తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. పక్కింటి రోగి పథ్యం చూసి పాటిస్తే ప్రాణం మీదికి వచ్చేది ఇందుకే.

పరీక్షల జాతర వద్దు

ఇదంతా చదివి డెబ్బై, ఎనభై పరీక్షల ప్యాకేజీకి పరుగెత్తితే మాత్రం డబ్బు దండగ. అన్ని పరీక్షలు చేస్తే ఏదో ఒకటి గీత దాటే ఉంటుంది. దాని వెంట టానిక్కుల చీటీ వస్తుంది. మీకు పడని ఆహారాలివీ అంటూ ఐజీజీ రక్త పరీక్షతో జాబితా ఇచ్చే వ్యాపారమూ ఉంది. ఈ పద్ధతి నమ్మదగినది కాదని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే తేల్చిచెప్పింది. ఐజీజీ4 ఉందంటే ఆ ఆహారం తిన్నారని అర్థమే తప్ప, పడలేదని కాదు. ఆ జాబితా నమ్మి పిల్లలకు పాలు, గుడ్లు మాన్పిస్తే లేని జబ్బు తెచ్చిపెట్టినట్లే.

మంచి సలహాదారు పరీక్ష రాసేముందే అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నిన్న ఏం తిన్నారు, ఇంట్లో చివరగా తినేదెవరు, నెలసరిలో రక్తస్రావం ఎంత, ఏ మందులు వాడుతున్నారు, తాగే నీళ్లు ఎక్కడివి? ఆ జవాబులే ఏ పరీక్ష అవసరమో చెబుతాయి. సలహా ఇచ్చాక మళ్లీ కొలవడం అంతకన్నా ముఖ్యం. చికిత్స మొదలుపెట్టిన నెలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపాలన్నది 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ నియమం. మాత్ర పనిచేయడం లేదంటే కారణం వేరేదేమోనని అనుమానించమనే దీని అర్థం.

పరీక్షలు పేదలకూ చేరువవుతున్నాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018 నుంచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల నమూనాలను ఉచితంగా పరీక్షించడం మొదలుపెట్టింది. కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డైటీషియన్ మామూలుగా కనిపించరు. రోగి చేతికి రిపోర్టు అందుతుంది, దాన్ని చదివి చెప్పే పది నిమిషాల సమయం ఎవరికీ ఉండదు. ఆ పది నిమిషాలు దొరికితే 9.5 అన్న అంకె ఒకరి ఇంట్లో నిమ్మచెక్కగా, మరొకరి ఇంట్లో పెరుగు గిన్నెగా, ఇంకొకరి ఇంట్లో మంచినీళ్ల బిందెగా మారుతుంది.