విద్యకు నాలుగు కాలములు – విశాఖపట్టణ సంస్థల పరిణామము

వ్యాకరణమహాభాష్యమున పస్పశాహ్నికమునందు పతంజలిమహర్షి విద్య సార్థకమగుటకు నాలుగు కాలములను చెప్పియున్నాడు. గురుముఖమున గ్రహించుట ఆగమకాలము. గ్రహించినదానిని తనలో తాను ఆవర్తనము చేసికొని మననము చేయుట స్వాధ్యాయకాలము. పరులకు బోధించుట ప్రవచనకాలము. కర్మలయందును లోకమునందును వినియోగించుట వ్యవహారకాలము. ఈ విభాగము వ్యాకరణాధ్యయనమును ఉద్దేశించి చెప్పబడినదైనను, విద్య ఆధారముగా నడచు ఏ సంస్థకైనను అన్వయించును. విశ్వవిద్యాలయము విషయమున ఇది స్పష్టమే. నౌకాశ్రయము, ఉక్కు కర్మాగారము వంటివి కూడ ఒక తరము నేర్చినదానిని మరియొక తరమునకు అందించుచు నిలుచునవే కావున వానికిని ఇది వర్తించును.

నేడు కంప్యూటరు, అంతర్జాలము, కృత్రిమమేధ అను సాధనములు ఒకవైపునుండియు, ఉద్యోగాపేక్ష, ఆంగ్లమాధ్యమము, ఆర్థికసంస్కరణలు మొదలైన సామాజికకారణములు మరియొకవైపునుండియు ఈ సంస్థలను మార్చుచున్నవి. ఆ మార్పు మంచిదా చెడ్డదా అని సామాన్యముగా అడిగినచో సమాధానము దొరకదు. నాలుగు కాలములలో ఏది పెరిగినది, ఏది తరిగినది అని విడదీసి చూచినచో విషయము విశదమగును. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు, నౌకాశ్రయము, ఉక్కు కర్మాగారము మూడును నెలకొన్న విశాఖపట్టణము ఇట్టి పరిశీలనకు తగిన స్థలము.

సంస్థల పుట్టుక

సామాజికమైన ఒత్తిడి సంస్థలకు క్రొత్త కాదు. తెలుగువారికి ప్రత్యేకవిశ్వవిద్యాలయము కావలెనను కోరిక ఫలితముగా ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరునకు తరలివచ్చినది. ప్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉప్పు సత్యాగ్రహకాలమున ప్రభుత్వము సాగించిన దమనమునకు నిరసనగా 1930లో పదవిని త్యజించిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ బాధ్యతను స్వీకరించిరి. జయపురాధీశులు విక్రమదేవవర్మగారి దానమువలన విజ్ఞానశాస్త్రకళాశాల బలపడినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రాంగణము సైన్యము వశము కాగా విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునుండి నడచినది. భవనములు చేజారినను బోధకులును విద్యార్థులును కలిసియుండుటచేత సంస్థ నిలిచినదను విషయము గమనింపదగినది.

నౌకాశ్రయము 1933లో ప్రారంభమైనది. మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతికి అనువగుటయే దాని నిర్మాణమునకు ముఖ్యకారణములలో ఒకటి. ఉక్కు కర్మాగారము మాత్రము ప్రజోద్యమఫలము. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను నినాదముతో ఉద్యమము రేగినది. కాల్పులలో ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిల్ 17న కేంద్రప్రభుత్వము కర్మాగారస్థాపనమును ప్రకటించినది. 1971 జనవరి 20న శంకుస్థాపనము జరిగినది. తొలి బ్లాస్టు ఫర్నేసు 1990లో వెలిగినది. 1992 ఆగస్టు 1న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. దీనికై భూములను ఇండ్లను వదలుకొన్న గ్రామములవారి త్యాగము కూడ ఈ చరిత్రలో భాగమే.

ఆగమకాలము

విద్యాగ్రహణసాధనములు పలుమార్లు మారినవి. తాళపత్రముపై గంటముతో వ్రాసికొను కాలమున గ్రంథము దొరకుటయే దుర్లభము. పందొమ్మిదవ శతాబ్ది చివర విశాఖపట్టణమున పరవస్తువారి ఆర్షముద్రణాలయము సంస్కృతగ్రంథములను అచ్చువేసినది. 1972లో ఆంధ్రవిశ్వవిద్యాలయము దూరవిద్యను ఆరంభించి, ఉద్యోగములు చేసికొనువారికిని గృహిణులకును పాఠములను తపాలాద్వారా పంపినది. 2017లో కేంద్రప్రభుత్వము "స్వయం" వేదికను నెలకొల్పినది. 2021 నాటి నియమావళి ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతము వరకు ఆ వేదికద్వారా చదువుటకు విశ్వవిద్యాలయములకు అనుమతినిచ్చినది. 2003లో ఏర్పడిన జాతీయ పాండులిపి మిషన్ తాళపత్రముల సూచీకరణమును, ఛాయాగ్రహణమును దేశవ్యాప్తముగా చేపట్టినది.

ఈ కాలమున లాభమే అధికమని ఒప్పుకొనవలెను. ఒకప్పుడు ప్రతిని చూచుటకు తంజావూరునకో మదరాసునకో పోవలసిన పరిశోధకుడు నేడు ఇంటనే చూడగలుగుచున్నాడు. అయినను ఇచట మహాభాష్యమునందలి మరియొక ప్రసక్తి స్మరణీయము. బృహస్పతి ఇంద్రునకు వేయి దివ్యవర్షములు శబ్దములను ఒక్కొక్కటిగా చెప్పినను అంతము కనబడలేదట. అందుచేత ప్రతిపదపాఠము ఉపాయము కాదనియు, సామాన్యవిశేషములతో కూడిన లక్షణమే ఉపాయమనియు భాష్యకారుడు నిర్ణయించెను. అంతర్జాలము నేటి ప్రతిపదపాఠము. ఎంత చదివినను అంతము లేదు. లక్షణమును గ్రహింపజేయుట ఇప్పటికిని అధ్యాపకుని పనియే.

స్వాధ్యాయకాలము

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట వ్యాసరచన అను పరీక్షాపద్ధతి ప్రశ్నార్థకమైనది. విద్యార్థి చదువకయే వ్యాసమును సమర్పింపగలడు. వ్యాసము చక్కగానే యుండును. కాని వ్యాసము వ్రాయించుటలోని ప్రయోజనము వ్యాసము కాదు. వ్రాయునపుడు కలుగు సందేహము, దాని నివారణమునకై చేయు అన్వేషణము, తప్పును తానే గుర్తించుట, ఇవియే ప్రయోజనములు. యంత్రము ఫలమును ఇచ్చి ప్రక్రియను హరించుచున్నది.

ఈ దోషమునకు యంత్రమొక్కటియే కారణమనుట న్యాయము కాదు. మార్కులకొరకు ప్రశ్నోత్తరసంగ్రహములను వల్లించుట కృత్రిమమేధకు చాల పూర్వమే వచ్చినది. పరీక్ష స్వాధ్యాయమును కోరనిచో విద్యార్థి స్వాధ్యాయమును చేయడు. పాఠశాలలయందలి శలాకాపరీక్ష ఇచట ఉపకరించును. తాళపత్రగ్రంథమున శలాకను దూర్చి, వచ్చిన పత్రమునందలి విషయమును అప్పటికప్పుడు వివరింపజేయు పద్ధతి అది. అందు మరియొకని వ్రాతకు చోటు లేదు. సిద్ధాంతవ్యాసముల మౌఖికపరీక్షను లాంఛనముగా ముగింపక ఈ రీతిని జరిపినచో యంత్రభయము చాలవరకు తొలగును.

ప్రవచనకాలము

నాలుగు కాలములలో నేడు మిక్కిలి క్షీణించుచున్నది ఇదియే. రాష్ట్రమునందలి విశ్వవిద్యాలయములలో శాశ్వతాధ్యాపకులు పదవీవిరమణ చేసిన స్థానములు ఏండ్లతరబడి ఖాళీగా నుండుటయు, అతిథ్యధ్యాపకులతోను ఒప్పంద ఉపన్యాసకులతోను బోధన సాగుటయు అందరెరిగిన విషయమే. రాబోవు సంవత్సరమున తాను ఉండునో లేదో తెలియని అధ్యాపకుడు దీర్ఘకాలపరిశోధనమునకు శిష్యుని స్వీకరింపలేడు. ఒక శాస్త్రమున చివరి అధ్యాపకుడు వెళ్ళిన పిదప పదేండ్లకు పదవిని పూరించినను, ఆ నడుమ తెగిన పరంపర తిరిగి కలియదు. గ్రంథములు, ఛాయాచిత్రములు, ధ్వనిముద్రణలు మిగులును. ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చువాడు మిగులడు.

ఉక్కు కర్మాగారమున ఈ విషయము మరింత స్థూలముగా కనబడును. అచటి మూడు బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇనుపఖనిజము, కోకు, సున్నపురాయి పైనుండి వేసి, క్రిందినుండి వేడిగాలిని ఊది ఇనుమును కరగించుదురు. కొలిమి ఒకసారి వెలిగిన పిదప ఏండ్లతరబడి ఆరకుండ నడువవలెను. ఉష్ణమును, పీడనమును, వాయువుల పాళ్ళను తెలుపు పరికరములు కంప్యూటరు తెరపై అంకెలు చూపుచునే యుండును. అయినను గాలిగొట్టముల కడనున్న అద్దపు రంధ్రములగుండ వెలుగు రంగును చూచియు, జారు లోహపు పోకడను చూచియు లోపలిస్థితిని ఊహించు నేర్పు అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి నేర్చినవానికే అలవడును. తొలినాళ్ళలో చేరిన తరము నేడు విరమించుచున్నది. 2021 జనవరి 27న కేంద్రమంత్రివర్గ ఆర్థికవ్యవహారసంఘము సంస్థయందలి ప్రభుత్వవాటాను పూర్తిగా ఉపసంహరించుటకు సూత్రప్రాయముగా అంగీకరించినది. దానిపై కార్మికులు దీర్ఘకాలము ఉద్యమించిరి. 2024లో ముడిపదార్థముల కొరత చేత మూడు కొలుములను నడుపుట సాధ్యము కాలేదు. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణసాయమును ప్రకటించినది. ఆ సంవత్సరముననే స్వచ్ఛందవిరమణపథకము కూడ అమలైనది. ధనముచేత ముడిపదార్థమును కొనవచ్చును. వెళ్ళిపోవుచున్నవారి నేర్పు వచ్చువారికి అందుటకు మాత్రము ఇరువురును కొంతకాలము ఒకచోట పనిచేయవలెను.

వ్యవహారకాలము

నౌకాశ్రయమున సరకుల ఎగుమతి దిగుమతులు ఒకప్పుడు ముఠాలుగా ఏర్పడిన కూలీలు, కలాసీలు బస్తాలను చేతులమీద నడుపుటచేత జరుగుచుండెడివి. 1976లో బాహ్యనౌకాశ్రయము పెద్ద ఓడలకు చోటిచ్చినది. 2003లో కంటైనరు టెర్మినలు ప్రారంభమైనది. ఒకే కొలత గల ఇనుపపెట్టెలలో సరకు ముందే నింపబడి వచ్చుటచేత, క్రేను ఒక్కటి పెట్టెనెత్తి లారీపై నుంచిన చాలును. ఓడ నిలుచు సమయము తగ్గినది. బరువులు మోయువాని నడుము బ్రదికినది. అదే సమయమున ముఠాకు పని తగ్గినది, క్రేను నడుపువానికిని కంప్యూటరుపై పెట్టెల స్థానమును నిర్ణయించువానికిని పని ఏర్పడినది. శ్రమ తొలగిన చోట మరియొక విద్య అవసరమైనది. ఆ విద్యను పూర్వపు కార్మికుని సంతతికి అందించినచోట మార్పు మేలైనది. అందింపనిచోట అది నిరుద్యోగమైనది.

ప్రాచ్యకళాశాలల స్థితియు ఇట్టిదే. భాషాప్రవీణ పట్టము పొందినవారికి ఉన్నతపాఠశాలలయందు పండితపదవులు లభించుట ఒకప్పటి వ్యవహారము. ఆంగ్లమాధ్యమము వ్యాపించుటచేతను, తల్లిదండ్రులు సాంకేతికవిద్యనే కోరుటచేతను ఆ ద్వారము ఇరుకైనది. అయితే మరియొక ద్వారము తెరచుకొన్నది. 1995లో అక్షర భారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ భారతీయభాషల యంత్రవిశ్లేషణమునకు పాణినీయదృష్టిని అన్వయించి గ్రంథమును వెలువరించిరి. క్రియను ఆశ్రయించి కారకసంబంధములను నిర్ణయించుట అందలి మూలసూత్రము. హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృతాధ్యయనవిభాగమున అంబా కులకర్ణిగారి ఆధ్వర్యమున రూపొందిన "సంసాధనీ" సంధివిచ్ఛేదము, పదవిశ్లేషణము మున్నగువానిని యంత్రముచేత చేయించుచున్నది. యంత్రము పలు విచ్ఛేదములను చూపినపుడు తాత్పర్యానుగుణమైనదానిని నిర్ణయించుటకు వ్యాకరణము చదివినవాడే కావలెను. కనుక సాంకేతికత పాఠశాలావిద్యను వలదనుట లేదు. ఆ విద్యను నిజముగా నేర్చినవానిని కోరుచున్నది.

ఆక్షేపసమాధానములు

ఇచట ఒక ఆక్షేపము కలుగవచ్చును. ప్రతి మార్పును పండితులు శంకించుట అలవాటే కదా, నేటి భయము కూడ అట్టిదే కారాదా అని. ఇది త్రోసివేయదగినది కాదు. 1911 మొదలు మద్రాసు విశ్వవిద్యాలయపరిధిలో తెలుగురచన ఏ భాషలో నుండవలెనను వివాదము చెలరేగినపుడు, విశాఖపట్టణమునందలి ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాసయ్యంగారు, గిడుగు రామమూర్తిగారు, గురజాడ అప్పారావుగారు వ్యావహారికమును సమర్థించిరి. 1914లో గురజాడవారు అసమ్మతిపత్రమును సమర్పించిరి. నాడు విశ్వవిద్యాలయము గ్రాంథికము పక్షమున నిలిచినను, తరువాతికాలమున వ్యావహారికమునే అంగీకరించినది. దానిచేత తెలుగువిద్య నశింపలేదు, విస్తరించినది. అట్లే పాఠశాలల వెలుపల నిలుపబడిన స్త్రీలకును అనేకవర్ణములవారికిని ఆధునికసంస్థలు సమాజపు ఒత్తిడివలననే ద్వారము తెరచినవి. అది సంస్థలకు కలిగిన గొప్ప మేలు.

అయితే ఆ మార్పులకును నేటి కొన్ని మార్పులకును భేదము కలదు. ముద్రణము, వ్యావహారికము, దూరవిద్య, అందరికిని ప్రవేశము అనునవి అధికారుల సంఖ్యను పెంచినవి. అవి స్వాధ్యాయమును వలదనలేదు, గురువును తొలగింపలేదు. శాశ్వతాధ్యాపకుని స్థానమును ఖాళీగా నుంచుట, పాఠమును తెరకు మాత్రమే అప్పగించుట, పరీక్షను యంత్రరచితపత్రములకు వదలుట అనునవి నడిమి రెండు కాలములను ఖండించుచున్నవి. మొదటి కోవకు చెందిన మార్పును ఆహ్వానింపవలెను. రెండవ కోవకు చెందినదానిని ఎదిరింపవలెను. పేరు రెండింటికిని ఆధునికతయే అగుటచేత కలుగుచున్న భ్రాంతిని విడదీసి చూపుట పండితుల కర్తవ్యము.

నిగమనము

ఆగమవ్యవహారములు రెండును బయటికి కనబడునవి. ఎందరు చేరిరి, ఎందరికి ఉద్యోగములు వచ్చినవి, ఎన్ని టన్నులు ఎగుమతియైనవి అని లెక్కింపవచ్చును. స్వాధ్యాయప్రవచనములు లెక్కకు అందవు. లెక్కకు అందనిది పద్దులలో మొదట తెగిపోవును. దాని ఫలితము వెంటనే కనబడదు, ఒక తరము గడచిన పిమ్మట కనబడును. అప్పటికి సరిదిద్దగలవారు ఉండరు.

కావున ప్రాచ్యకళాశాలలయందు తక్షణము చేయదగినవి మూడు. విరమించు అధ్యాపకునితో కనీసము ఒక సంవత్సరము అతని ఉత్తరాధికారి కలిసి పాఠము చెప్పునట్లు నియామకములను ముందుగా కోరవలెను. ప్రతి పట్టమునందును మౌఖికపరీక్షకు తగిన భాగము కేటాయింపవలెను. శాస్త్రము చదివిన విద్యార్థికి కంప్యూటరుపై భాషావిశ్లేషణమును, పాండులిపిపరిష్కారమును నేర్పవలెను. వీనికి క్రొత్త భవనములు అక్కరలేదు. యుద్ధకాలమున ప్రాంగణమును విడిచి గుంటూరు చేరిన విశ్వవిద్యాలయము బోధకులను విద్యార్థులను విడువలేదు కావుననే తిరిగి వాల్తేరునకు రాగలిగినది.