వింటేజ్ గిటారా.. మోడ్రన్ గిటారా? ఎలక్ట్రిక్ గిటార్ కొనేముందు ఇవి చూసుకోండి!

చంద్రశేఖరపురం, మార్కాపురం, గిద్దలూరు.. మీది ఏ ఊరైనా సరే, చర్చి పాటలకో, పెళ్లి ఆర్కెస్ట్రాకో ఎలక్ట్రిక్ గిటార్ కొనాలనుకుంటున్నారా? ఫొటో చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. కొత్త గిటార్ల పేర్లలో కనిపించే ‘వింటేజ్’ అంటే పాత గిటార్ అని కాదు.. పాతకాలపు డిజైన్ అని అర్థం. మరి తేడా ఎక్కడుంది?

పికప్: తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది ఇదే. 1951 నాటి టెలికాస్టర్, 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లలో ఉన్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు. సౌండ్ స్పష్టంగా, మెరుపులా ఉంటుంది. కానీ సీరియల్ లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు దగ్గరుంటే ‘జుయ్’మనే మోత కూడా లాగేస్తుంది. దీనికి విరుగుడే హంబకర్. గిబ్సన్ కంపెనీ ఇంజనీర్ సేథ్ లవర్ 1955లో దీన్ని రూపొందించారు. ఎదురెదురుగా పనిచేసే రెండు కాయిల్స్ ఆ మోతను కొట్టేస్తాయి. సౌండ్ మాత్రం కాస్త బరువుగా ఉంటుంది.

మెడ: పాత ఫెండర్ డిజైన్‌లో మెట్లు 21, మెడ పైభాగం గుండ్రంగా ఉంటుంది. కార్డ్స్ పట్టడం తేలిక. కొత్త వాటిల్లో 22 లేదా 24 మెట్లు, పైభాగం చదునుగా ఉంటుంది. తీగను పక్కకు లాగి సోలో వాయించేవారికి ఇది అనుకూలం.

పాటను బట్టి వాద్యాన్ని మార్చుకోవడం మనకు కొత్తేం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జతల తీగల బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై గమకాలు పలికించారు.

బ్రిడ్జి: మోడ్రన్ గిటార్లలో కొన్నింటికి తీగల్ని లాక్ చేసే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉంటుంది. ఎంత ఊపినా శ్రుతి తప్పదు. కానీ ప్రోగ్రాం మధ్యలో ఒక్క తీగ తెగితే మిగతావన్నీ శ్రుతి తప్పుతాయి. కొత్త తీగ వేయడానికీ టైం పడుతుంది. ఇంకో గిటార్ చేతిలో లేనివారికి కదలని బ్రిడ్జే మేలు.

మరి ఏది కొనాలి? లైట్ల మధ్య, జనరేటర్ కరెంటుపై ఎక్కువగా వాయించేవారికి హంబకర్ ఉన్నది నయం. ఇంట్లో, చిన్న ప్రార్థనల్లో వాయించేవారికి సింగిల్ కాయిల్ చాలు.

ఒక్క జాగ్రత్త. ఎర్తింగ్ లోపాన్ని ఏ పికప్పూ సరిచేయలేదు. తీగలు ముట్టుకుంటే జివ్వుమన్నా, మైక్‌కు పెదవి తగిలినప్పుడు షాక్ కొట్టినా వాయించడం ఆపేయండి. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే మళ్లీ గిటార్ పట్టుకోండి.