సిరొంచ అవతలి రాష్ట్రంల ఎందుకున్నది?



పోయిన సెలవులల్ల నేను సిరొంచల మా మేనత్త ఇంటికి పోయిన. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరొంచ. అక్కడ చాలా మంది తెలుగే మాట్లాడుతరు. కాని బోర్డులన్నీ మరాఠీల ఉన్నయి. అది మహారాష్ట్ర. "ఇది మన దిక్కు ఎందుకు లేదు?" అంటే ఎవరూ చెప్పలేదు. బడికి వచ్చినంక మా సోషల్ టీచర్‌ను అడిగిన. టీచర్ చెప్పింది, పుస్తకం కూడా ఇచ్చింది. నాకు అర్థమైనంత రాస్తున్న.

పూర్వం సిరొంచ నిజాం రాజ్యంలో ఉండేది. 1795లో నిజాం ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడిపోయాడు. అప్పటికే ఇంగ్లీషు కంపెనీ బలంగా ఉంది. 1798లో నిజాంకు, కంపెనీకి ఒప్పందం అయింది. దీనిని సైన్య సహకార ఒప్పందం అంటారు. కంపెనీ సైన్యం హైదరాబాదులో ఉంటుంది. దాని ఖర్చు నిజాం ఇవ్వాలి. సంవత్సరానికి 24 లక్షల రూపాయల పైనే! ఆ పైసలు చివరికి రైతుల శిస్తు నుంచే రావాలె గదా.

1800లో మళ్ళీ ఒప్పందం. సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి పోయినయి. వాటికే దత్త మండలాలు అని పేరు. కంపెనీకి చెప్పకుండా నిజాం వేరే రాజులతో మాట్లాడకూడదు. రాజ్యం లోపలి సంగతులలో మాత్రం మేము జోక్యం చేసుకోము అని కంపెనీ కాగితం మీద రాసింది. కాని 1804లో పాత దివాను చనిపోతే, కంపెనీ కోరిన మీర్ ఆలమే దివాను అయ్యాడు. గద్దె మీద నిజాం ఉన్నడు. కాని దివాను ఎవరు కావాలె అనే దాంట్ల రెసిడెంటు దొర మాట నడిచింది. ఆ దొర ఉన్న పెద్ద భవనం హైదరాబాదు కోఠిలో ఇప్పటికీ ఉంది.

తర్వాత కంటింజెంటు అనే ఇంకొక సైన్యం తయారైంది. అధికారులు ఇంగ్లీషువాళ్ళు, జీతాలు నిజాంవి. బాకీ పెరిగింది. 1853లో ఆ బాకీ కింద బేరార్ తీసుకున్నరు. మన ఆదిలాబాద్ పక్కనున్న యవత్మాల్ అందులోదే. బేరార్‌ను కొనలేదు. పేరుకు నిజాందే, పాలన మాత్రం ఇంగ్లీషువాళ్ళది.

1857 తిరుగుబాటులో నిజాం ఇంగ్లీషువాళ్ళ వైపే ఉన్నాడు. అందుకు మెచ్చి 1860లో బాకీ కొట్టివేశారు. రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగి ఇచ్చారు. బేరార్ ఇయ్యలే. పైగా గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరొంచ, నూగూరు, చర్ల, భద్రాచలం తీసుకున్నరు. గదీ సంగతి! భద్రాచలం తర్వాత తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది. సిరొంచ రాలేదు. బేరార్‌ను 1902లో ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నారు.

ఇది చదువుతుంటే నాకు మా తాత యాదికొచ్చిండు. విత్తనాలకని ఒక శావుకారి దగ్గర పైసలు తెచ్చిండు. కట్టలేకపోతే శావుకారి, "చేను నీదే, పంట నేను తీసుకుంట, బాకీ అయిపోతది" అన్నడు. బాకీ ఎంతుందో తాతకు లెక్క రాదు. లెక్క రాసేది శావుకారే. ఆ చేను ఇంకా మా చేతికి రాలేదు. బలమున్నోడు మొదలు సాయం చేస్తా అనే వస్తడు. తర్వాత లెక్క చూపిస్తడు.

అయితే నిజాం పాపం అని నేను అనను. ఇంగ్లీషువాళ్ళ ముందర చిన్నగైన నిజాం సర్కారే మన గూడేల ముందర పెద్దది. అడవిలో పోడు కొట్టనియ్యలేదు. అడిగినందుకే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం పోయింది. 1860లో నది ఒడ్డు చేతులు మారినప్పుడు కూడా అక్కడి గోండులను, కోయలను ఎవరూ అడగలేదు.

చెల్లెళ్ళారా! ఇంటికి పోయినప్పుడు ఇంట్ల ఏం కాగితం ఉన్నా చదవండి. బాకీ ఎంత, కట్టింది ఎంత అని నోట్‌బుక్కుల రాయండి. నేను ఈ దసరా సెలవులకు మా తాత లెక్క రాస్త.

– 9వ తరగతి విద్యార్థిని