రాష్ట్రపతి పోటీలో అభ్యుదయవాదులెవరు? అపోహలు – వాస్తవాలు

2022 జులై. పత్తి సీజన్ కాదు గనుక జమ్మికుంట మార్కెట్ యార్డు ఖాళీగా ఉంది. పక్కనే చాయ్ హోటల్లో మాత్రం రాష్ట్రపతి ఎన్నిక మీద వాదన నడుస్తోంది. "ఎవలు గెలిస్తే మనకేందే? గది రబ్బరు స్టాంపు" అన్నాడొకాయన. "అభ్యుదయం అంటే వి.వి.గిరి ఒక్కడే. ఓడిపోయినోళ్లంతా పేరుకు నిలబడ్డోళ్లే" అన్నాడు ఇంకో పెద్దమనిషి. ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు. ఎందుకంటే ఈ దేశంలో పేదల తరఫున, స్వేచ్ఛ తరఫున గట్టిగా నిలబడిన మనుషుల్లో కొందరు ఈ పోటీలో ఓడిన వాళ్లే.

అపోహ: ఈ ఎన్నికతో మన ఊరికి సంబంధం లేదు.

వాస్తవం: మన హుజూరాబాద్ ఎమ్మెల్యే ఓటు విలువ 132. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలకూ అంతే. 1971 జనాభా లెక్కను సీట్ల సంఖ్యతోనూ, మళ్లీ వెయ్యితోనూ భాగిస్తే వచ్చిన అంకె అది. పైగా ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి లేదు, ఓటు రహస్యం. మన ఎమ్మెల్యే ఎవరికి వేయాలో అడిగే హక్కు మనకుంది. అడిగే అలవాటే లేదు.

అపోహ: ఇందిరా గాంధీ బలపరిచింది గనుకనే గిరి అభ్యుదయవాది అయ్యాడు.

వాస్తవం: 1969లో ఆమె మొదట ప్రతిపాదించిన పేరు గిరిది కాదు, జగ్జీవన్ రామ్‌ది. బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిని ఎంపిక చేసింది. ఆయన నామినేషన్ పత్రం మీద ఇందిర స్వయంగా సంతకం పెట్టి, తర్వాత అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. మొదటి రెండు స్థానాల్లోని ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి లెక్కింపులో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427.

ఈ కథ అందరికీ తెలుసు. నన్ను కదిలించేది అంతకు ముందు కథ. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టాడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డ మీదే ఓడించాడు. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం తగ్గించింది. దానికి ఒప్పుకోక 1954లో పదవి వదులుకున్నాడు. బ్యాంకు గుమస్తాల కోసం కుర్చీ దిగిన ఆ మనిషే పదిహేనేళ్ల తర్వాత, తాత్కాలిక రాష్ట్రపతిగా, 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేశాడు. అది 1969 జులై 19. మర్నాడే రాజీనామా చేసి పోటీకి దిగాడు.

నా మనసులో గిరి స్థానం ఆ సంతకం దాకానే. రాష్ట్రపతి భవన్‌లో ఆయన కేబినెట్ పంపిన కాగితాలకు అడ్డు చెప్పిన మనిషిగా మిగల్లేదు. 1974 మే నెలలో రైల్వే సమ్మెను ప్రభుత్వం అరెస్టులతో అణిచేసినప్పుడు రాష్ట్రపతి ఆయనే. మన స్టేషన్లో ఆగే ప్రతి రైలునూ నడిపించే కార్మికులు తమవాడనుకున్న మనిషి. ఆ సంగతి చెప్పకుండా గిరిని పొగడటం నాకు చేతకాదు.

అపోహ: కోకా సుబ్బారావు ఆస్తిపరుల మనిషి.

వాస్తవం: రాజమండ్రిలో పుట్టిన ఈ ప్రధాన న్యాయమూర్తి 1967లో పదవికి రాజీనామా ఇచ్చి ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకీర్ హుస్సేన్ మీద నిలబడ్డాడు. 3,63,971 ఓట్లు తెచ్చుకున్నాడు. అంతకు కొద్ది వారాల ముందు గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదని 6–5 తేడాతో తీర్పు చెప్పిన ధర్మాసనానికి పెద్ద ఆయనే. భూసంస్కరణలకు అడ్డుపడ్డాడని అభ్యుదయవాదులు ఆయన్ను దూరం పెట్టారు. దున్నేవాడికి భూమి కోసం నెత్తురు చిందిన నేల మనది, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఖరక్ సింగ్ కేసు మరిచిపోతున్నాం. రాత్రిపూట పోలీసులు ఇంటి తలుపు కొట్టడం, వెంట పడి నిఘా పెట్టడం మనిషి స్వేచ్ఛకు విరుద్ధమనీ, గోప్యత కూడా ఆ స్వేచ్ఛలో భాగమేననీ ఆయన అందులో భిన్నాభిప్రాయం రాశాడు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు నిలిచింది ఆయన మాటే. అర్ధరాత్రి తలుపు చప్పుడంటే ఏమిటో ఉత్తర తెలంగాణ పల్లెలకు ఒకరు చెప్పాలా?

అపోహ: ఓడినవాళ్లు డమ్మీలు.

వాస్తవం: 1952లో రాజేంద్రప్రసాద్ మీద నిలబడిన కె.టి.షా, రాజ్యాంగ సభలో సెక్యులర్, సోషలిస్టు అన్న మాటలు చేర్చాలని 1948లోనే సవరణ తెచ్చినవాడు. 1974 అభ్యర్థి త్రిదిబ్ చౌధురి గోవా విముక్తి కోసం పోర్చుగీసు జైల్లో ఉన్నవాడు. 1982లో ఓడిన హెచ్.ఆర్.ఖన్నా, ఎమర్జెన్సీలో ప్రాణానికి కూడా కోర్టు రక్ష లేదని నలుగురు న్యాయమూర్తులు అంటే ఒక్కడే కాదన్నాడు. అందుకు ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్నాడు.

ఇక 1987. వెంకటరామన్ మీద నిలబడిన వి.ఆర్.కృష్ణయ్యర్. 1957 నాటి కేరళ ఇ.ఎం.ఎస్. ప్రభుత్వంలో మంత్రి, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి. మోతీరామ్ అనే తాపీ మేస్త్రికి పది వేల జామీను అడిగి, జామీనుదారు వేరే జిల్లావాడని తిప్పి పంపితే, పేదవాడికి బెయిలు ఇలాగేనా అని నిలదీసిన తీర్పు ఆయనది. ఎడిగ అనమ్మ అనే మన తెలుగు స్త్రీ ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చిన తీర్పూ ఆయనదే.

కానీ ఆదిలాబాద్ వైపు నుంచి చూస్తే ఇంకో కాగితం కనిపిస్తుంది. ఆ జిల్లా రైతులు, నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లు ఉరి ఆపమని సుప్రీంకోర్టుకు వెళ్తే, 1975 నవంబరులో ఆ పిటిషన్ కొట్టేస్తూ తీర్పు రాసింది కృష్ణయ్యరే. క్షమాభిక్ష రాష్ట్రపతి చేతిలోని అధికారం, అందులో కోర్టు జోక్యానికి చోటు చాలా తక్కువ అన్నాడు. డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో వాళ్లిద్దరినీ ఉరి తీశారు. పన్నెండేళ్లకు ఆ న్యాయమూర్తే ఆ రాష్ట్రపతి పదవికి పోటీ చేశాడు. రబ్బరు స్టాంపు అన్న పెద్దమనిషికి ఈ ఒక్క సంగతి చెప్పాలనుంది. ఆ స్టాంపు పడని చోట రెండు ప్రాణాలు పోయాయి. కృష్ణయ్యర్ మీద నా గౌరవం తగ్గలేదు, ఆ తీర్పు తెచ్చిన నొప్పీ తగ్గలేదు.

అపోహ: మీరా కుమార్ తెలంగాణ ఇచ్చింది గనుక 2017లో ఆమే అభ్యుదయ అభ్యర్థి.

వాస్తవం: 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసైనప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది ఆమే. కృతజ్ఞత వేరు, కొలత వేరు. అయినా 2017లో తెరాస బలపరిచింది ఆమెను కాదు, రామ్‌నాథ్ కోవింద్‌ను. నేను ఆమెను గుర్తుపెట్టుకునేది ఆమె అడిగిన ప్రశ్న కోసం. పై కులాలవాళ్లు పోటీ పడినప్పుడు ఎవరి కులమూ చర్చకు రాలేదే, ఇద్దరు దళితులు నిలబడగానే కులమే వార్త ఎందుకైంది? 1969లో ఆగిపోయిన ఆ జగ్జీవన్ రామ్ కూతురు ఆమె.

ఒక్కరినే ఎంచుకోమంటే నేను 2002 అభ్యర్థి పేరు చెబుతాను. కెప్టెన్ లక్ష్మీ సెహగల్. వామపక్షాలు ఆమెను నిలబెట్టేనాటికి 87 ఏళ్లు. అబ్దుల్ కలామ్‌కు 9,22,884 ఓట్లు, ఆమెకు 1,07,366. నేతాజీ సైన్యంలో ఝాన్సీ రాణి రెజిమెంటును నడిపింది. స్వాతంత్ర్యం వచ్చాక కాన్పూర్‌లో పేదలకు వైద్యం చేసింది. భోపాల్ విషవాయువు బాధితుల దగ్గరికి డాక్టర్ల బృందంతో వెళ్లింది. ఆమె బతుకులో చెప్పిన మాటకూ చేసిన పనికీ మధ్య నాకు ఎడం కనిపించదు. ఓడాక మళ్లీ కాన్పూర్ క్లినిక్‌కే వెళ్లి రోగుల్ని చూసింది. 2012 జులై 22న ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతిగా గెలిచిన ఫలితం వచ్చింది. ఆ మర్నాడు ఆమె కన్నుమూసింది. ఆమె దేహాన్ని కాన్పూర్ వైద్య కళాశాల విద్యార్థుల చదువు కోసం ఇచ్చేశారు.