కుండీ చామంతికి చెంచాడు యూరియా చేటు

పొలంలో మొక్కకు ఎరువు కాస్త ఎక్కువైనా వేరు పక్కకో లోతుకో పోయి తట్టుకుంటుంది. కుండీలో మొక్కకు ఆ దారి లేదు. ఎంత ఘాటు పోసినా ఆ జానెడు మట్టిలోనే భరించాలి. ఐదు, పది సెంట్ల జాగాలో కుండీ చామంతి పెంచి పండగలకు అమ్ముకునే చిన్న రైతులు ఈ సంగతి మరవకూడదు. నారు కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్నా, సొంతంగా కొమ్మలు నాటుకున్నా జాగ్రత్త ఒక్కటే.

మట్టి ఎలా ఉండాలి?

ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపాలి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించి మట్టి నింపాలి. పైన అంగుళం ఖాళీ వదిలితే నీరు పొర్లిపోదు.

నీరు ఎప్పుడు, ఎంత?

రోజూ ఇన్ని చెంబులని లెక్క పెట్టుకోవద్దు. వేలు అంగుళం లోతు దించి చూడాలి. తడి తగిలితే ఆగాలి, పొడిగా ఉంటే పోయాలి. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి పదో వంతు నీరు కారేదాకా పోయాలి. పైపైన తడిపితే కింది వేరుకు అందదు, ఉప్పు కూడా కుండీలోనే పేరుకుంటుంది.

ఎరువు లెక్క

నాటిన మూడో వారం నుంచి నీళ్లలో కరిగే 19-19-19 ఎరువును లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపి, 8 అంగుళాల కుండీకి వారానికోసారి అర లీటరు పోయాలి. 100 కుండీలకు 50 లీటర్ల నీరు, 50 గ్రాముల ఎరువు చాలు. పొడి మట్టి మీద ఎరువు నీళ్లు పోయకూడదు. ముందు మామూలు నీటితో తడపాలి.

నాలుగు వారాలకు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. మొగ్గ కనపడగానే 19-19-19 మాని, అదే మోతాదులో 13-0-45 ఇవ్వాలి. మొగ్గకు రంగు తిరిగాక ఎరువు పూర్తిగా ఆపేయాలి.

చెంచాడు యూరియా వేస్తే ఏమవుతుంది? 5 గ్రాముల యూరియాలో 2.3 గ్రాముల నత్రజని ఉంటుంది. పైన చెప్పిన అర లీటరు ద్రావణంలో ఉండేది 0.1 గ్రాము లోపే. అంటే దాదాపు 24 వారాల నత్రజని ఒక్క పూటలో పోసినట్టు! వేరు మాడుతుంది. బతికి బట్టకట్టినా ఆకు పెరుగుతుంది గానీ పువ్వు ఆలస్యమవుతుంది.

ఉప్పు పేరుకుంటే

ఆకు కొసలు మాడటం, మట్టి మీద తెల్లటి పొర కట్టడం ఉప్పు గుర్తులు. తెల్ల పొర గీకి పారేయాలి. తర్వాత కుండీలో పట్టే మట్టికి రెండింతల మంచి నీటిని రెండు మూడు దఫాలుగా పోసి కిందికి కారనివ్వాలి. రెండు వారాలు ఎరువు జోలికి పోవద్దు. బోరు నీరు ఉప్పగా ఉన్నచోట ఈ బెడద ఎక్కువ. వాన నీరు పట్టి ఉంచుకుంటే మేలు.

ఇంకో మాట. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతోందంటే అది దాహం కాదు, వేరు దెబ్బ తిన్నట్టు లెక్క. అప్పుడు మళ్లీ నీళ్లు పోస్తే మొక్క చేయి దాటిపోతుంది. కుండీని నీడకు మార్చి మట్టి ఆరనివ్వండి.